చేపల ట్యాంకుకు మూత పెట్టాలా, వద్దా

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు హాల్లో ట్యాంకు చూసి అడిగే మొదటి ప్రశ్న, "ఇవి ఉప్పు నీళ్ళా?" అని. రెండోది, "ఉప్పంటే మన దొడ్డు ఉప్పేనా?" అని. మూడోది ఛాయ్ తాగడం అయ్యాక వస్తుంది. "అంతా మంచిగున్నది గానీ, మీద మూత లేదేంది?" మొదటి రెండింటికీ నిలబడే జవాబు చెప్తాను. మూడోదానికి మాత్రం కూర్చోవాలి. ఆ మూత గురించి మా ఇంట్లో నాలుగు నెలలు నడిచింది. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను, ఈసారి ఎవరైనా అడిగితే ఫోన్ చేతికిచ్చి చదువుకోమంటాను.

మోర్తాడ్‌లో సముద్రం ఎందుకని మీరు అడగొచ్చు. మా ఊరికి దగ్గర్లో పెద్ద నీళ్ళంటే పోచంపాడు ప్రాజెక్టే. సముద్రం చూడాలంటే రాష్ట్రం దాటాలి. కానీ మా చుట్టుపక్కల ప్రతి ఊళ్ళో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నవాళ్ళే. మా ఆయన 14 ఏళ్ళు షార్జాలో చేశాడు. ఇళ్ళల్లో, ఆఫీసుల్లో పెద్ద పెద్ద అక్వేరియాలు కడిగి చూసుకునే కంపెనీ అది. మొదట్లో బకెట్లు మోసే పని. తర్వాత నీళ్ళు పరీక్ష చేయడం, మందులు వేయడం, చేపల జబ్బులు గుర్తుపట్టడం అన్నీ నేర్చుకున్నాడు. పోయిన దసరాకు ఇక చాలని వచ్చేశాడు. మా ఊళ్ళో అందరూ గల్ఫ్ నుంచి వస్తే దుప్పట్లు, సెంటు సీసాలు, టార్చిలైట్లు తెస్తారు. మా ఆయన సంచిలో రెండు నీళ్ళ పంపులు, ఒక లైటు, నీళ్ళల్లో ఉప్పు ఎంతుందో కొలిచే చిన్న దుర్భిణి లాంటిది ఒకటి వచ్చాయి. అత్తమ్మ సంచి మొత్తం బోర్లించి చూసి, "గిదేంది కొడుకా, ఇంట్ల బోరు ఏస్తవా" అంది.

దీపావళి తర్వాత ట్యాంకు వచ్చింది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. 240 లీటర్ల నీళ్ళు పట్టాయి. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఎనిమిదిన్నర కిలోల ఉప్పు కలిపాము. మన వంటింటి ఉప్పు కాదు, సముద్రపు నీళ్ళలో ఉండే ఖనిజాలన్నీ కలిపి అమ్మే పొడి. దాని ధర చెప్పగానే అత్తమ్మ ఆ పూట అన్నంలో ఉప్పు వేసుకోవడం మానేసింది.

రీఫ్ ట్యాంకు అని ఆయన అంటాడు గానీ, ఇందులో రాతి పగడాలు లేవు. పగడపు దిబ్బలు కట్టే జాతులను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పులి ఉన్న జాబితా అది. షార్జాలో అర్బాబుల ఇళ్ళల్లో చేతులతో అంటి పెట్టిన పగడాలను ఇక్కడ ముట్టుకోకూడదని ఆయనకు బాగా తెలుసు. అందుకని సెరామిక్ రాళ్ళు, పచ్చటి నాచు, పుట్టగొడుగుల్లా విచ్చుకునే మెత్తని జీవాలు రెండు మూడు. చేపలు మొత్తం నాలుగు. తెల్లని పట్టీలున్న నారింజ రంగు క్లౌన్ చేపలు జంట, నీలం రంగు డామ్సెల్ ఒకటి, ఇంకా ఒక ఫైర్‌ఫిష్. క్లౌన్ చేపలను ఇప్పుడు సముద్రం నుంచే పట్టి తేనక్కర్లేదు. తమిళనాడులో మండపం దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచారు. ఈ క్లౌన్ చేపల గురించి ఒక సంగతి చెప్తే మా వీధి ఆడవాళ్ళంతా ఒక సాయంత్రం నవ్వారు. అన్నీ మగవిగానే పుడతాయట. జంటలో పెద్దది, పెత్తనం చేసేది ఆడదవుతుంది. అది చచ్చిపోతే మిగిలిన మగది ఆడదిగా మారుతుంది. "14 ఏండ్లు మనం మగోళ్ళ పని చేసినం, మనం మారలేదేంది" అంది పక్కింటి వదిన. ఆమె భర్త ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు.

సరే, మూత సంగతి.

మొదట్లో ట్యాంకు మీద ఏమీ లేదు. లైటు గోడకు బిగించి పైనుంచి వేలాడేది. నిలబడి పైనుంచి చూస్తే చేపలు ఇంకో రకంగా కనబడేవి. మా చిన్నోడు కుర్చీ ఎక్కి గంటలు గంటలు అలాగే చూసేవాడు. సంక్రాంతి మరునాడు పొద్దున అత్తమ్మ హాలు ఊడుస్తూ సోఫా వెనక నుంచి ఎండుమిరపకాయ ఒకటి తీసి చేటలో వేసింది. మా పాప ఆరో తరగతి. అది చేటలోకి చూసి గట్టిగా అరిచింది. అది మిరపకాయ కాదు, ఫైర్‌ఫిష్. ముందు సగం తెల్లగా, తోక వైపు ఎర్రగా ఉండే చేప. రాత్రి ఎప్పుడో దూకి, సోఫా వెనక పడి, ఎండిపోయింది. నెత్తి మీద పొడుగ్గా లేచి ఉండే రెక్క చూసి పాప గుర్తుపట్టింది.

"దీనికి దుంకుడు అలవాటే" అన్నాడు మా ఆయన. సముద్రంలో ఏదైనా భయపెడితే ఎగురుతుందట, అక్కడ ఎగిరితే మళ్ళీ నీళ్ళలోనే పడుతుంది. మా హాల్లో ఎగిరితే గచ్చు మీద పడుతుంది. పాప ఆ రోజు అన్నం తినలేదు.

అది ఒకటైతే, ఇంకోటి మా చిన్నోడు. వాడికి ఐదేళ్ళు. చేపలకు ఆకలవుతుందని బిస్కెట్ ముక్క వేశాడు. ఒక రోజు క్రేయాన్ వేశాడు. ఇంకో రోజు రూపాయి బిళ్ళ. ఉప్పునీళ్ళలో లోహం నాననివ్వకూడదని ఆయన చేయి భుజం దాకా ముంచి తీశాడు. మూడోది పసుపు. ఫిబ్రవరి వచ్చిందంటే మా ఇళ్ళల్లో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, వాకిట్లో ఎండబోయడం. ఎండాక డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడతారు. ఆ దుమ్ము మీలో ఎవరైనా చూశారో లేదో. కిటికీ పట్టిన పరదాలు, మంచాల మీది దుప్పట్లు, దేవుడి పటాలు అన్నీ పచ్చగా అవుతాయి. ఒక సాయంత్రం చూస్తే ట్యాంకు నీళ్ళ మీద సన్నని పసుపు పొర. నాలుగో కారణం అత్తమ్మ. ఆమె హాల్లోనే పడుకుంటుంది. రాత్రి తొమ్మిది దాకా వెలిగే నీలం లైటు ఆమె కళ్ళలో పడేది. "సినిమా హాల్ల పన్నట్టున్నది" అనేది. కోపం లేదు, కానీ రోజూ అనేది.

ఇన్ని కారణాలు చేతిలో ఉంటే నేను ఏం చేస్తాను? ఫిబ్రవరి ఆఖర్లో ఆయన నాలుగు రోజుల పని మీద హైదరాబాద్ పోయాడు. నేను వడ్లాయనను పిలిచి కొలతలిచ్చాను. షార్జాలో ఆయన పనిచేసిన ఇళ్ళ ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి. ట్యాంకు మీద అల్మారాలాగా కట్టిన కనోపీలు, లైట్లు లోపలే దాగి ఉంటాయి. అలాంటిదే చెయ్యమన్నాను. ప్లైవుడ్, పైన టేకు రంగు సన్‌మైకా, ముందువైపు ఎత్తి తెరిచే తలుపు, రెండు బందులు. మొత్తం 7,200 రూపాయలు, పసుపు డబ్బుల్లోంచి.

పెట్టిన రోజు హాలుకు ఎంత కళ వచ్చిందో. వైర్లన్నీ లోపలికి పోయాయి. లైటు నీళ్ళ మీద మాత్రమే పడి, గది చీకటిగా, ట్యాంకు ఒక్కటే వెలుగుతూ కనబడింది. అత్తమ్మ గోడ వైపు తిరగకుండా పడుకుంది. చిన్నోడి చేయి అందదు. పసుపు పడదు. చేప దూకితే మూతకు తగిలి మళ్ళీ నీళ్ళలోనే పడుతుంది. ఇంత మంచి పని ఇన్నాళ్ళు ఎందుకు చెయ్యలేదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కనోపీ అందం మీద నాకు ఇప్పటికీ మనసుంది. అది తీసేశాక కూడా ఆ ఫోటోనే స్టేటస్‌లో పెట్టుకున్నాను.

ఆయన వచ్చాడు. చూశాడు. మీద చేయి పెట్టి ఒకసారి రాశాడు. "మంచిగ చేసిండు" అన్నాడు. అన్నం పెట్టమన్నాడు. అంతే.

ఫోన్లో అయితే ఆయన మౌనాలన్నీ నాకు తెలుసు. డబ్బులు అందకపోతే ఒక మౌనం, ఒంట్లో బాగాలేకపోతే ఇంకో మౌనం, పిల్లలు గుర్తొస్తే మరొకటి. 14 ఏళ్ళు విని విని చెవి పండిపోయింది. కానీ ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి మౌనం చదవడం నాకు అప్పటికింకా రాలేదు. నచ్చిందనే అనుకున్నాను.

మార్చి బాగానే గడిచింది. ఏప్రిల్‌లో మా దగ్గర ఎండల సంగతి తెలిసిందే. నిజామాబాద్ జిల్లాలో మే నెల వస్తే 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఏప్రిల్ రెండో వారానికే మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు 31 దాటుతున్నాయి. ఉండాల్సింది 25, 26. ఆయన ముందు తలుపు ఎత్తి కర్ర ముక్క అడ్డం పెట్టేవాడు. నేను చిన్నోడికి భయపడి దించేసేదాన్ని. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు. ఎత్తడం, దించడం, అలా పది రోజులు.

ఒక సాయంత్రం గాలి దుమారం లేచింది. రేకులు లేచిపోయాయి, కరెంటు పోయింది. ఇన్వర్టర్ అర్ధరాత్రి దాకా లాగి ఆగిపోయింది. దానితో పాటు పంపులూ ఆగిపోయాయి. తెల్లవారుజామున ఐదింటికి అత్తమ్మ లేపింది. "చేపలు మీదికొచ్చి నోళ్ళు తెరుస్తున్నయి, చూడు బిడ్డా." టార్చి వేసి చూస్తే క్లౌన్ చేపలు రెండూ నీళ్ళ అంచున నోళ్ళు పెట్టి ఉన్నాయి. నీలం డామ్సెల్ రాళ్ళ మధ్య పక్కకు ఒరిగి ఉంది. అప్పటికే పోయింది.

ఆయన కనోపీని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టాడు. చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోయడం మొదలుపెట్టాడు. ముంచడం, పోయడం. కరెంటు వచ్చేదాకా అరగంట ఆయన, అరగంట నేను, తర్వాత పాప. నీళ్ళు వేడెక్కితే వాటిలో కలిసి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. పంపులు ఆగితే పైనున్న గాలి నీళ్ళలో కలవదు. దాని మీద మూత ఉంటే ఆ పైగాలి కూడా పాతబడిపోతుంది. మూడూ ఒక్క రాత్రే కలిశాయి. ఇదంతా ఆయన చెంబు పోస్తూ చెప్పాడు, పాపకు పాఠం చెప్పినట్టు.

నేను అడిగాను. "ఇది మీకు ముందే తెల్సు కదా?"

"తెల్సు."

"మరి పెట్టిన్నాడు ఎందుకు చెప్పలే?"

కాసేపు ఆగి అన్నాడు. "ఇల్లు నీది. 14 ఏండ్ల సంది నువ్వే నడుపుతున్నవు. నేనొచ్చి ఏం చెప్పాలె?"

ఆ మాటకు నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. చేప పోయినందుకు తిట్టినా పడేదాన్ని. పొగిడినట్టే ఉంది, కానీ మనిషి ఇంటి గడప బయట నిలబడి మాట్లాడినట్టు వినబడింది. ఇల్లు నాదా? స్లాబు ఎవరి డబ్బుతో పడింది? రెండు రోజులు మాట్లాడలేదు. అత్తమ్మ మధ్యలో మాటలు మోసింది. "కూర ఏం జెయ్యాల్నో అడుగుతున్నది రా", "టమాటనే జెయ్యమంటున్నడు బిడ్డా."

మూడో రోజు రాత్రి ఆయనే వచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. అక్కడి ముచ్చట చెప్పాడు, ఎప్పుడూ చెప్పనిది. కనోపీ ఉంచాలా తియ్యాలా అని వందల ఇళ్ళల్లో వచ్చింది, ఒక్క ఇంట్లో కూడా ఆయనను అడగలేదట. అర్బాబ్ పెట్టమంటే పెట్టడం, తీయమంటే తీయడం. అక్కడ ఇరవై నాలుగ్గంటలూ ఏసీ నడుస్తుంది, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ ఉంటుంది, మూత ఉన్నా నడుస్తుంది. తప్పని తెలిసినా చెప్పకపోవడం అలవాటైపోయింది. "ఇంటికొచ్చినా ఆ అలవాటు పోతలేదు" అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. అడగకుండా చెయ్యడం నాకు అలవాటు. పిల్లకు జ్వరమైనా, బోరు ఎండినా, వరికోత మిషన్ కావాలన్నా, ఫోన్ చేసి అడిగే లోపల పని అయిపోవాలి. అడిగితే ఆయన అక్కడ నిద్రపోడు.

ఆ తర్వాత అసలు లెక్క మొదలైంది. దీనికి పెద్ద పాప నోటుబుక్కు. రోజూ పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం నాలుగింటికి నీళ్ళ వేడి రాసుకోవడం దాని పని. మేము మూడు రకాలుగా రెండేసి రోజులు చూశాం. హాల్లో కూలర్ నడుస్తూనే ఉంది. కనోపీ పూర్తిగా మూసి ఉంటే నాలుగింటికి 31.5. ముందు తలుపు ఎత్తితే 30.4. కనోపీ మొత్తం తీసి, నీళ్ళ మీదికి రెండు చిన్న ఫ్యాన్లు తిప్పి పెడితే 27.6. పాప ఆ 27.6 కింద రెండు గీతలు గీసింది.

ఎందుకలా అన్నది అత్తమ్మకు ఒక్క మాటలో అర్థమైంది. "రంజన్ లెక్క" అంది. అంతే మరి. కుండలో నీళ్ళు చెమర్చి ఆవిరవుతుంటే లోపలి నీళ్ళు చల్లబడతాయి. ట్యాంకు మీద గాలి ఆడితే నీళ్ళు ఆవిరై పోతూ వేడిని తీసుకుపోతాయి. మూత పెడితే ఆ ఆవిరి అక్కడే నిలిచి, చుక్కలై మళ్ళీ కిందికే కారుతుంది. విశాఖపట్నంలో ఉన్న మా చెల్లెలు ఈ ఫ్యాను సంగతి విని చేసి చూస్తే అంత తగ్గలేదట. అక్కడ గాలిలో అప్పటికే తేమ ఉంటుంది. మా పొడి ఎండ శత్రువే గానీ, ఈ ఒక్క విషయంలో చుట్టం.

ఖర్చు లేకుండా ఏదీ రాదు. మూత తీసి ఫ్యాను పెడితే రోజుకు ఐదు లీటర్ల దాకా నీళ్ళు తగ్గుతున్నాయి. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత పెడితే మరునాటికి వేలు మందం దిగేది. నీళ్ళే పోతాయి, ఉప్పు పోదు. చారు మరిగి మరిగి సగమైతే ఉప్పు కసెక్కుతుంది కదా, అదే. అందుకని పోసేటప్పుడు ఉప్పునీళ్ళు కాదు, మామూలు శుద్ధి చేసిన నీళ్ళు పోయాలి. మొదటి వారం నేను మంచి చేస్తున్నానని ఉప్పు కలిపి పోశాను. ఆయన దుర్భిణితో చూసి నవ్వాడు. మేలో బోరు సన్నగా పోస్తుంటే చేపలకు రోజూ ఐదు లీటర్లు పోయడానికి నా చేయి ఆడేది కాదు. చిల్లర్ కొందామా అని అడిగాను. దాని ధర వింటే కనోపీ చవకనిపించింది. పైగా అది నీళ్ళ వేడిని తీసి మన గదిలోకే వదులుతుంది. అందులో అత్తమ్మ పడుకోవాలి.

ఇక కనోపీ వద్దని తేలింది. కానీ నా కారణాలు నాలుగూ అలాగే ఉన్నాయి కదా. చేప దూకడం, చిన్నోడు, పసుపు, అత్తమ్మ కళ్ళు. ఈసారి ఒక్కొక్కటి ఇద్దరం కూర్చుని తేల్చాం. పసుపు ఏడాదికి నెల రోజుల పని, పాలిష్ పట్టే రోజు పాత తెల్ల పంచె కప్పితే చాలు. అత్తమ్మ కోసం గాజు ముందు అంచున నాలుగు వేళ్ళ ఎత్తు పట్టీ ఒకటి, లైటు ఆమె మంచం వైపు రాకుండా. లైటు వేళ కూడా రాత్రి ఎనిమిదికి దించాం. లైటు బరువు మాత్రం ఆయన నమ్మలేదు. ఉప్పునీళ్ళలో కరెంటు వస్తువు పడితే చేయి పెట్టిన మనిషికి ప్రమాదం. గోడకు రెండో కొక్కెం కొట్టి గొలుసు వేశాడు, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే స్విచ్ కూడా బిగించాడు. ఇది మాత్రం మూతతో సంబంధం లేకుండా అందరూ చేసుకోండి.

మిగిలింది చేపలు, చిన్నోడు. గాజు పలక పెడదామన్నాను. దాని మీద ఉప్పు తెట్టు కట్టి వెలుతురు తగ్గుతుందని, గాలి కూడా ఆగుతుందని ఆయన అన్నాడు. జాలి కావాలి. కిటికీలకు దోమ జాలి కొట్టే అబ్బాయిని పిలిస్తే అల్యూమినియం ఫ్రేము చేశాడు గానీ, ఆ జాలి మరీ సన్నం, నల్లగా ఉండి వెలుతురు తినేస్తుంది. అప్పుడు ఆయనకు తట్టింది. బండి వేసుకుని పోచంపాడు పోయాడు. అక్కడ గోదావరిలో చేపలు పట్టే వాళ్ళ దగ్గర సన్న కన్ను నైలాన్ వల ముక్క అడిగి తెచ్చాడు. పావు అంగుళం కన్ను, గాజులా తెల్లని దారం. ఎందుకని వాళ్ళు అడిగితే చేపలు బయటికి పోకుండా అన్నాడట. వాళ్ళు డబ్బులు తీసుకోలేదు, నవ్వి పంపారట.

వల ఫ్రేముకు బిగిస్తున్న రోజే ఏజెంటు ఫోన్ చేశాడు. మస్కట్‌లో ఖాళీ ఉంది, వీసా సిద్ధంగా ఉంది, శుక్రవారం లోపల చెప్పాలి. స్పీకర్‌లోనే మాట్లాడాడు, నేను వల కొసలు పట్టుకుని ఉన్నాను. ఫోన్ పెట్టి, "ఏం చేద్దాం?" అన్నాడు.

ఇంతకుముందు నాలుగుసార్లు వెళ్ళాడు. ఒకసారి మామయ్య పొమ్మన్నారు, ఒకసారి అప్పు పొమ్మంది, రెండుసార్లు మామూలుగానే పోయాడు. నన్ను అడిగింది ఇదే మొదలు. నాకు వెంటనే నోరు రాలేదు. పోవద్దని చెప్పడం తేలిక. ఆ తర్వాత పాప ఫీజు నేను చూపించాలి. "ముందు ఇది గట్టిగ గుంజండి, వదులైతే అవి తలలు ఇరికించుకుంటయి" అన్నాను. వల బిగించాక రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క వేశాం. ఆర్మూర్‌లో ఒక దవాఖాన వాళ్ళ ట్యాంకు, నిజామాబాద్‌లో రెండు ఇళ్ళవి ఆయన నెలనెలా చూస్తున్నాడు. అక్కడి జీతంలో సగం కూడా రాదు. పసుపు రేటు నిలబడితే ఏడాది గడుస్తుంది. శుక్రవారం ఆయన ఏజెంటుకు ఈ ఏడు రానని చెప్పాడు. వచ్చే ఏడు సంగతి మేము ఇంకా మాట్లాడలేదు.

కనోపీ ఏమైందని అడుగుతారు. కోయించి పట్టీలకు వాడదామని దించి చూస్తే, కింది అంచుల్లో ప్లైవుడ్ ఉబ్బి సన్‌మైకా లేచిపోయింది. బందులు రెండూ ఎర్రగా తుప్పు. రెండు నెలల ఉప్పు ఆవిరికే. టేకు కర్రతో చేయించి, లోపల బాగా రంగు వేయించి, వెనక వైపు తెరిచి ఉంచి, ఫ్యాన్లు పెడితే కనోపీ కూడా నిలుస్తుందని ఆయన ఇప్పుడు అంటాడు. ఏసీ ఉన్న ఇంట్లో, చిన్న పిల్లలుంటే, నేను కూడా అదే చేయించుకొమ్మని చెప్తాను. మా కనోపీని అత్తమ్మ వాకిట్లో వేపచెట్టు కింద పెట్టింది. పిల్లల కోడి రాత్రిపూట అందులోనే పడుకుంటోంది. 7,200 రూపాయల కోడిగూడు మోర్తాడ్ మొత్తంలో మా ఇంట్లోనే ఉందని వడ్లాయనకు చెప్పాలంటే నాకింకా ముఖం చెల్లడం లేదు.

జాలికి కూడా పని ఉంది. వారానికోసారి ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, మంచినీళ్ళతో కడగాలి. ఆ పని చిన్నోడిది. బిస్కెట్లు వెయ్యడం దానితో మానేశాడు. వేసినా జాలి మీదే ఆగుతాయి.

జూన్‌లో తొలి వాన పడ్డాక పాప అడిగి అడిగి ఇంకో ఫైర్‌ఫిష్ తెప్పించుకుంది. మొదటి రాత్రి మేమిద్దరం పడుకున్నాక హాల్లోంచి టప్‌మని చప్పుడైంది. లేచి కూర్చున్నాను. ఆయనా లేచాడు. మేము మంచం దిగే లోపలే హాల్లో లైటు వేసిన చప్పుడు, అత్తమ్మ గొంతు.

"పండుకోండ్రి. జాలికి తాకి మల్ల నీళ్ళలనే పడ్డది."